పాత కారు కొనేముందు పరీక్షించే పద్ధతి: నల్లగొండ, పాలమూరు కొనుగోలుదారులకు సమగ్ర మార్గదర్శి

మన జిల్లాల్లో పది పన్నెండేళ్లు తిరిగిన కారును రెండున్నర, మూడు లక్షలకు కొనే కుటుంబానికి ఆ సొమ్ము చాలాసార్లు రెండు మూడు పంటల మిగులు, లేదా ఇంటి మీద స్లాబు వేయడానికి దాచుకున్న డబ్బు. అంత డబ్బు పెట్టే ముందు ఎక్కువమంది చేసే పరీక్ష మాత్రం రంగు చూడడం, ఏసీ వేసి చూడడం, ఊరి పొలిమేర దాకా ఒక చుట్టు తిప్పి రావడం. బంధువులకు, స్నేహితులకు తోడుగా వెళ్లి చాలా ఏళ్లుగా కార్లు చూస్తున్న నాకు అర్థమైనది ఒక్కటే: అమ్మేవారి మాట ఒక సాక్ష్యం మాత్రమే. ఆర్‌సీ, బీమా పాలసీ, చలాన్లు, సర్వీసు బిల్లులు, టైర్లు, అద్దాలు, సీటు బెల్టులు వేర్వేరు సాక్షులు. ఇవన్నీ ఒకే కథ చెప్పాలి. ఎక్కడ పొంతన కుదరలేదో అక్కడే ఆగి అడగాలి. కింది పద్ధతి మొత్తం ఆ పొంతన వెతకడం కోసమే.

మొదటి మెట్టు: ఇంటి నుంచి కదలకముందే కాగితాలు

కారు చూడడానికి బయలుదేరే ముందే ఆర్‌సీ రెండు వైపుల ఫొటోలు, ఇప్పటి బీమా పాలసీ, దొరికితే అంతకుముందు రెండు మూడేళ్ల పాలసీలు, ఇటీవలి సర్వీసు బిల్లులు వాట్సాప్‌లో పంపమని అడగండి. నిజంగా అమ్ముకోవాలనుకునే యజమాని వీటిని పంపడానికి వెనకాడడు. "ముందు బండి చూడండి, కాగితాలదేముంది" అన్న జవాబు రెండుసార్లు వస్తే, ఆ కారు కోసం పెట్రోలు ఖర్చు పెట్టుకోవద్దని నా సలహా.

ముందుగా నంబరును చదవండి. ఏపీ 24 అంటే ఉమ్మడి రాష్ట్రంలో నల్లగొండ, ఏపీ 22 అంటే మహబూబ్‌నగర్. 2014 జూన్‌లో టీఎస్ సిరీస్ వచ్చాక నల్లగొండకు 05, మహబూబ్‌నగర్‌కు 06 వచ్చాయి. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు సూర్యాపేటకు 29, నాగర్‌కర్నూల్‌కు 31, వనపర్తికి 32, గద్వాలకు 33 ఇచ్చారు. 2024 మార్చి నుంచి టీఎస్ స్థానంలో టీజీ వచ్చింది. దీన్నిబట్టి సూర్యాపేటలో అమ్మకానికి ఉన్న 2015 నాటి కారుకు టీఎస్ 05 ఉండడం సహజమే, ఎందుకంటే అప్పటికి ఆ ఊరు నల్లగొండ జిల్లాలోనే ఉంది. అదే కారుకు వేరే రాష్ట్రం నంబరు ఉంటే మాత్రం లెక్క పూర్తిగా మారిపోతుంది.

పాలమూరు వైపు 44వ జాతీయ రహదారి మీదుగా బెంగళూరు నుంచి, నారాయణపేట, గద్వాల సరిహద్దుల నుంచి రాయచూరు బండ్లు వస్తుంటాయి. ధర తక్కువగా కనిపిస్తుంది. కానీ అక్కడి రవాణా కార్యాలయం నుంచి ఫారం 28 కింద నిరభ్యంతర పత్రం తేవాలి, ఇక్కడ మళ్లీ నంబరు వేయించాలి, తెలంగాణ జీవిత పన్ను కట్టాలి. ఈ పన్ను ఎంత పడుతుందో మీ ఆర్‌టీఓ కార్యాలయంలో కారు మోడల్, వయసు చెప్పి ముందే కనుక్కోండి. ఢిల్లీ నుంచి వచ్చే డీజిల్ కార్ల విషయంలో మరొక సంగతి ఉంది. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లు ఆ ప్రాంతంలో తిరగకూడదన్న జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశాన్ని 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. అందువల్ల అక్కడ తొమ్మిదో ఏట, పదో ఏట డీజిల్ కార్లు చవకగా బయటికి వస్తూ వచ్చాయి. ఆ చవకతనం కారు బాగోగుల వల్ల వచ్చినది కాదని గుర్తుంచుకుంటే చాలు. పన్ను, రవాణా ఖర్చు కలిపి లెక్క వేసి చూస్తే చాలాసార్లు స్థానిక కారే మేలనిపిస్తుంది.

ఆర్‌సీలో చూడవలసిన గడులు నాలుగు. తయారైన నెల, సంవత్సరం, రిజిస్ట్రేషన్ గడువు, ఎన్నో యజమాని, హైపోథికేషన్ అంటే ఫైనాన్సు వివరం. సొంత వాడకం కారుకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత పరీక్ష చేయించి అయిదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. 2022 ఏప్రిల్ 1 నుంచి కేంద్ర నిబంధనల ప్రకారం ఇరవై ఏళ్లలోపు కారుకు పునరుద్ధరణ రుసుము 5,000 రూపాయలు, ఆలస్యమైన ప్రతి నెలకు 500 రూపాయలు అదనం. దీనికి తోడు రాష్ట్రం వసూలు చేసే హరిత పన్ను ఉంటుంది. ఏపీ 22, ఏపీ 24 నంబర్లున్న కార్లన్నీ ఇప్పుడు ఈ గడువు దాటినవో, దగ్గర పడినవో కాబట్టి, ఆ ఖర్చు ఎవరిదో బేరంలోనే తేల్చుకోవాలి.

ఫైనాన్సు గడిలో బ్యాంకు పేరు ఉంటే, "అప్పు ఎప్పుడో తీరిపోయింది" అన్న మాట చాలదు. బ్యాంకు ఇచ్చిన నిరభ్యంతర పత్రం, ఫారం 35 చూపించాలి. ఇంకా మంచిది, అమ్మేవారే ఆ పేరును ఆర్‌సీ నుంచి తొలగించి ఇవ్వడం. యజమాని చనిపోయి కొడుకు అమ్ముతున్నట్లయితే, ముందు ఫారం 31 ద్వారా బండి వారసుల పేరు మీదికి మారాలి. ఊళ్లలో ఈ మెట్టు దాటకుండానే కార్లు చేతులు మారుతుంటాయి, తర్వాత అన్నదమ్ముల తగాదా వస్తే కొన్నవారు మధ్యలో నలిగిపోతారు.

రెండో మెట్టు: కారు గతాన్ని బయటి సాక్షులతో సరిచూడడం

కాగితాలు చేతికి వచ్చాక తెలంగాణ రవాణా శాఖ వెబ్‌సైట్‌లో నంబరు కొట్టి, అక్కడి వివరాలు ఆర్‌సీ ఫొటోతో అక్షరం అక్షరం కలుస్తున్నాయో లేదో చూడండి. ఆ తర్వాత పోలీసుల ఈ-చలాన్ వెబ్‌సైట్ తెరవండి. చాలామంది ఇక్కడ కట్టవలసిన మొత్తాన్ని మాత్రమే చూసి మూసేస్తారు. నా దృష్టిలో ఈ పేజీ కారు డైరీ లాంటిది. కట్టకుండా మిగిలిన ప్రతి చలానుకూ తేదీ, సమయం, చోటు ఉంటాయి, చాలావాటికి ఫొటో కూడా ఉంటుంది. ఆ ఫొటోలో బంపరు విరిగి ఉందా, అప్పటి రంగు ఇప్పటి రంగేనా, నంబరు ప్లేటు సొంత వాడకానికి ఉండే తెల్లదా, అద్దె బండికి ఉండే పసుపుదా అన్నవి కనిపిస్తాయి.

మా బంధువుల కోసం చూసిన ఒక కారు ఇందుకు ఉదాహరణ. "మా మాస్టారు బడికి వెళ్లి రావడానికే వాడారు" అని మధ్యవర్తి చెప్పారు. చలాన్లు తెరిస్తే ఒకే నెలలో హైదరాబాద్‌లో నాలుగు చోట్ల, అందులో రెండు అర్ధరాత్రి దాటాక పడ్డాయి. ఆ కారును ఎవరికో అద్దెకు తిప్పడానికి ఇచ్చారని అడిగిన తర్వాత ఒప్పుకున్నారు. కారు చెడ్డదని దీనివల్ల తేలదు గానీ, చెప్పిన 48,000 కిలోమీటర్ల రీడింగును నమ్మడానికి ఇక కారణం మిగల్లేదు.

రీడింగు గురించి ఒక చిన్న లెక్క చేతిలో ఉంచుకోండి. నల్లగొండ నుంచి హైదరాబాద్ సుమారు 100 కిలోమీటర్లు, మహబూబ్‌నగర్ నుంచి కూడా అంతే. వారానికి ఒక్కసారి వెళ్లి వచ్చినా ఏడాదికి పదివేలు దాటుతుంది. ఆస్పత్రికి, పెళ్లిళ్లకు, పిల్లల హాస్టళ్లకు హైదరాబాద్ వెళ్లని కుటుంబం మన వైపు అరుదు. కాబట్టి పదేళ్ల కారు మీద లక్ష, లక్షా ఇరవై వేలు కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు, 40 వేలు కనిపిస్తేనే జాగ్రత్త పడాలి. రీడింగు వెనక్కి తిప్పడం ఇప్పటి డిజిటల్ మీటర్లలో కూడా జరుగుతుంది. అందుకే మూడు తేదీల నాటి రీడింగులు సంపాదించండి: కంపెనీ సర్వీసు సెంటరు రికార్డు, పాత బిల్లు, ఆయిల్ మార్చినప్పుడు తలుపు దగ్గర అతికించే చీటీ. తేదీ ముందుకు వెళుతుంటే అంకె కూడా పెరుగుతూ ఉండాలి. యజమానికి అభ్యంతరం లేకపోతే ఫాస్టాగ్ లావాదేవీలు చూపించమనండి. పంతంగి, కొర్లపహాడ్ టోల్ గేట్ల దగ్గర ఎన్నిసార్లు డబ్బు కోశారో అది చెబుతుంది.

బీమా పాలసీలో క్లెయిమ్ లేని బోనస్ అనే శాతం ఉంటుంది. ఒక ఏడాది క్లెయిమ్ చేయకపోతే 20, తర్వాత వరుసగా 25, 35, 45, అయిదేళ్లకు 50 శాతం. యజమాని మారకుండా ఏడెనిమిదేళ్లు నడిచిన కారు పాలసీలో ఆ గడిలో సున్నా ఉంటే, అంతకుముందు ఏడాది పెద్ద మరమ్మతు జరిగి ఉండవచ్చు, లేదా పాలసీ కొంతకాలం ఆగిపోయి ఉండవచ్చు. ఏది జరిగిందో అడగండి. థర్డ్ పార్టీ బీమా మాత్రమే ఉన్న పాలసీలో ఈ బోనస్ ఉండదు కాబట్టి, అలాంటప్పుడు ఈ సాక్షి మౌనంగా ఉంటుంది.

మూడో మెట్టు: ఛాసిస్ నంబరు, అద్దాలు, టైర్లు

కారు దగ్గరికి పగటిపూట వెళ్లండి. సాయంత్రం దీపాల వెలుతురులో, వాన తడిలో, కడిగిన వెంటనే రంగు తేడాలు కనిపించవు. 17 అక్షరాల ఛాసిస్ నంబరు కొన్ని కార్లలో బానెట్ లోపలి గోడ మీద, కొన్నింటిలో ముందు సీటు కింద చెక్కి ఉంటుంది. ఆర్‌సీతో పోల్చి చదవండి. అక్షరాలు ఎగుడుదిగుడుగా ఉన్నా, చుట్టూ వెల్డింగ్ మచ్చ గానీ కొత్త రంగు గానీ ఉన్నా, మిగతా పరీక్షలు చేయకుండా తిరిగి వచ్చేయండి. ఈ ఒక్క విషయంలో సంజాయిషీ వినవలసిన అవసరం లేదు. దొంగ బండి కొన్నవారికి బండీ దక్కదు, డబ్బూ తిరిగి రాదు.

ప్రతి అద్దం మూలలో తయారీదారు గుర్తు, ఏడాదిని తెలిపే అంకె ఉంటాయి. అన్నీ ఒకే రకంగా ఉండి ఒకటి మాత్రం వేరుగా ఉంటే ఆ వైపు ఏదో జరిగింది. రాయి తగిలి ముందు అద్దం మార్చడం మామూలే, పక్క తలుపు అద్దం మారిందంటే మాత్రం ఆ తలుపును గట్టిగా పరిశీలించాలి. టైరు పక్క గోడ మీద నాలుగంకెల ముద్ర ఉంటుంది. 2318 అంటే 2018వ సంవత్సరం 23వ వారం. రీడింగు 35 వేలు అంటున్న కారుకు నాలుగు టైర్లూ మారిపోయి ఉంటే, మొదటి టైర్లు ఎందుకు అంత తొందరగా అరిగాయని అడగండి. టైరు ఒక అంచునే అరిగి ఉంటే చక్రాల అలైన్‌మెంట్ గానీ సస్పెన్షన్ గానీ దెబ్బతిన్నది.

నాలుగో మెట్టు: బాడీ, ప్రమాదం, వరద

బంపరును చూసి ప్రమాదాన్ని అంచనా వేయకండి. బంపరు గీతలు మన వీధుల్లో ఎవరికీ తప్పవు. చూడవలసింది లోపలి ఎముకలను. తలుపుల చుట్టూ ఉండే రబ్బరు బీడింగును కొంచెం లాగి చూస్తే, కంపెనీ వేసిన గుండ్రటి వెల్డింగ్ చుక్కలు సమాన దూరంలో కనిపించాలి. బానెట్, ఫెండర్ బోల్టుల మీద రంగు చెదిరి పానా గీతలు ఉంటే అవి విప్పారన్నమాట. రేడియేటరును పట్టుకునే అడ్డ పట్టీ, డిక్కీలో స్పేరు టైరు కింద నేల, ఈ రెండు చోట్ల వంపు గానీ మడత గానీ ఉంటే దెబ్బ లోతుగా తగిలింది. చిన్న అయస్కాంతానికి పలచని గుడ్డ చుట్టి ఇనుప రేకుల మీద నడిపితే, లప్పం మందంగా పెట్టిన చోట అది పట్టదు. ప్లాస్టిక్ బంపరు మీద ఎలాగూ పట్టదు కాబట్టి అక్కడ పోల్చవద్దు.

వరద కారు గురించి కొంత ఎక్కువ చెప్పాలి. 2020 అక్టోబరులో హైదరాబాద్ కాలనీలు మునిగాయి. 2024 సెప్టెంబరు మొదట్లో కోదాడలో వాగుల్లో కార్లు కొట్టుకుపోయాయి, ఖమ్మంలో మున్నేరు, విజయవాడలో బుడమేరు వేలాది ఇళ్లను ముంచాయి. మునిగిన కార్లు కొన్ని శుభ్రమై, సీటు కవర్లు మార్చుకుని 65వ జాతీయ రహదారి వెంట ఉన్న ఊళ్లలోకి రావడం సహజం. అవి ఏడాది, రెండేళ్లు బాగానే నడిచి, తర్వాత ఒక్కొక్క సెన్సరూ, ఒక్కొక్క వైరు జాయింటూ తుప్పు పట్టి ఆగుతాయి. ఆ తుప్పును ఏ మెకానికూ పూర్తిగా బాగు చేయలేడు.

దీన్ని పట్టుకోవడానికి సీటు బెల్టును చివరిదాకా లాగండి. ఎప్పుడూ చుట్టుకుని ఉండే ఆ చివరి అడుగులో బురద చార ఉంటే నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో తెలుస్తుంది. సీట్ల పట్టాల కింది బోల్టుల తుప్పు, కార్పెట్ కింద సన్నటి ఒండ్రు, డ్యాష్‌బోర్డు కింద ఫ్యూజు పెట్టె మరల మీద తెల్లటి పొడి, ఎదురుగా వచ్చే ఘాటైన సెంటు వాసన, ఇవన్నీ కలిపి చూడాలి. పొలాల్లో తిరిగిన కారులో మట్టి ఉండడం తప్పు కాదు. దుబ్బ పైపైన ఉంటుంది, ఒండ్రు మూలల్లో గడ్డకట్టి ఉంటుంది. ఈ రెంటికీ తేడా వేలితో గోకితే తెలుస్తుంది.

అయిదో మెట్టు: చల్లటి ఇంజిన్

మీరు వెళ్లేసరికి ఇంజిన్ చల్లగా ఉండాలని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే, ఉదయం స్టార్టు కావడానికి ఇబ్బంది పడే కారును మీకోసం ముందే వేడి చేసి ఉండవచ్చు. మర్నాడు పొద్దున్నే వస్తానని చెప్పి వెళ్లిపోండి.

ఇంజిన్ ఆపి ఉండగానే రేడియేటరు మూత తీయాలి, వేడి మీద ఎప్పుడూ తీయకూడదు. లోపల రంగున్న కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం కనిపించాలి. మన జిల్లాల్లో ఇది చాలా ముఖ్యమైన పరీక్ష. బోరు నీళ్లలో ఫ్లోరైడు మాట అందరికీ తెలిసిందే, దానితోపాటు ఆ నీళ్లు చాలాచోట్ల ఉప్పుగా, గట్టిగా ఉంటాయి. కూలెంట్ ఖర్చు ఎందుకని ఏళ్ల తరబడి ఆ నీళ్లే పోస్తే లోపల తెల్లటి పక్కు కట్టి, సన్నటి దారులు మూసుకుపోతాయి. చలికాలంలో ఏమీ తెలియదు. ఎండలు 44 డిగ్రీలు దాటే మే నెలలో ఏసీ వేసుకుని వెళ్తుంటే ఇంజిన్ వేడెక్కి, ఇంజిన్ పైభాగానికి సీలు లాంటి హెడ్ గాస్కెట్ పోతుంది. మూత అంచున తెల్ల పక్కు గానీ తుప్పు రంగు నీళ్లు గానీ ఉంటే రేడియేటరు, నీళ్ల పంపు ఖర్చును లెక్కలోకి తీసుకోండి. నీటి మీద నూనె తేలినా, ఇంజిన్ ఆయిల్ మూత కింద పాల మీగడ లాంటి పదార్థం దట్టంగా ఉన్నా ఆ కారును వదిలేయడమే మంచిది.

ఇప్పుడు స్టార్టు చేయించి, మీరు వెనక నిలబడి పొగ చూడండి. మొదటి నిమిషం సన్నని తెల్లటి ఆవిరి మామూలే. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే కూలెంట్ కాలుతోంది. నీలి పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. డీజిల్ కారు ఒక్కసారిగా గుప్పున నల్ల పొగ వదిలితే ఇంజెక్టర్లు, టర్బో చూపించాలి. డీజిల్ కారులో ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత వదులు చేసి దాని మీదే ఉంచండి. మూత ఎగిరెగిరి పడుతూ పొగ తన్నుకొస్తుంటే మెకానిక్కులు 'బ్యాక్ కంప్రెషన్' అంటారు, అంటే పిస్టన్ రింగులు అరిగాయి. ఆ ఇంజిన్‌కు పెద్ద పని దగ్గర్లోనే ఉంది.

తాళం తిప్పగానే మీటరులో ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, ఇంజిన్ దీపాలు వెలిగి, కొద్ది సేపటికి ఆరిపోవాలి. అసలు వెలగకపోవడం వెలిగి ఆరకపోవడం కంటే ప్రమాదం, ఎందుకంటే లోపాన్ని దాచడానికి ఆ దీపాన్నే తీసేసి ఉండవచ్చు. ధాన్యం నిల్వ ఉండే ఇళ్ల దగ్గర, మిర్యాలగూడ లాంటి రైసు మిల్లుల ఊళ్లలో నిలిపిన కార్లలో ఎలుకలు వైర్లు కొరకడం చాలా మామూలు. బానెట్ కింద టేపు చుట్టిన వైర్లు, మూలల్లో వడ్ల పొట్టు కనిపిస్తే మెకానిక్‌తో లోపాలు చదివే స్కానర్ పెట్టి చూపించకుండా కొనవద్దు.

ఆరో మెట్టు: నడిపి చూడడం

కనీసం అరగంట, అందులో కొంత గుంతల దారి, కొంత హైవే, కొంత ఎక్కుడు ఉండాలి. పాటలు ఆపి, అద్దాలు దించి నడపండి. స్టీరింగు ఒకవైపు లాగుతుందా, బ్రేకు వేస్తే పెడల్ వణుకుతుందా, యాక్సిలరేటర్ వదిలినప్పుడు గేరు జారుతుందా చూడండి. స్టీరింగు పూర్తిగా తిప్పి మెల్లగా నడిపితే చక్రం దగ్గర కటకటమంటే యాక్సిల్ జాయింట్ పోయినట్లే. క్లచ్ కోసం ఖాళీ చోట హ్యాండ్ బ్రేకు వేసి, మూడో గేరులో క్లచ్ మెల్లగా వదలండి. ఇంజిన్ వెంటనే ఆగిపోవాలి. ఆగకుండా మోగుతూనే ఉంటే క్లచ్ ప్లేటు అరిగింది. ఈ పరీక్ష ఒక్కసారికి మించి చేయవద్దు, అది ఇంకా మీ కారు కాదు.

తిరిగి వచ్చాక ఏసీ పూర్తిగా వేసి, ఇంజిన్ నడుస్తుండగా పదిహేను, ఇరవై నిమిషాలు నిలిపి ఉంచండి. ఫ్యాను తనంత తాను తిరిగి ఆగుతూ ఉండాలి, వేడి ముల్లు కదలకుండా నిలవాలి. తర్వాత మీకు నమ్మకమున్న మెకానిక్ దగ్గర లిఫ్ట్ మీదికి ఎక్కించి కింది వైపు చూపించండి. మెకానిక్‌ను మీరే ఎంచుకోవాలి, అమ్మేవారు చూపించిన మెకానిక్ వద్దు. ఇచ్చే రుసుము ఎంతైనా కారు ధరలో అది చాలా చిన్న భాగం.

ఏడో మెట్టు: డబ్బు, సంతకాలు

దొరికిన లోపాలన్నీ ఒక కాగితం మీద రాసి, ఒక్కోదాని మరమ్మతు ఖర్చు మెకానిక్‌తో వేయించి, ఆ కాగితం ముందు పెట్టి మాట్లాడండి. గట్టిగా వాదించడం కంటే అదే ఎక్కువ పని చేస్తుంది.

ఆర్‌సీలో పేరున్న యజమానిని స్వయంగా కలవకుండా పూర్తి డబ్బు ఇవ్వకండి. ఖాళీ ఫారాల మీద సంతకాలు తీసుకుని, పేరు మార్చకుండానే ముగ్గురు నలుగురి చేతులు మారిన కార్లు, పాత కార్లు అమ్మిపెట్టే కన్సల్టెన్సీల దగ్గర ఉంటాయి. అలాంటి కారుతో ప్రమాదం జరిగితే ఆర్‌సీలో పేరున్న వ్యక్తే పరిహారానికి బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ భయంతో పాత యజమాని రేపు కారు పోయిందని ఫిర్యాదు చేసినా ఆశ్చర్యం లేదు. యజమాని పేరు మార్పుకు వాడే ఫారం 29, ఫారం 30 పూర్తిగా నింపి, మీ ఎదుటే సంతకం చేయించుకోండి. చట్ట ప్రకారం రాష్ట్రంలోపల అమ్మితే అమ్మినవారు 14 రోజుల్లో రవాణా కార్యాలయానికి తెలియజేయాలి, కొన్నవారు 30 రోజుల్లో దరఖాస్తు చేయాలి. చలాన్లన్నీ అమ్మేవారే కట్టాకే మిగతా సొమ్ము ఇవ్వండి, అదీ బ్యాంకు ద్వారా.

బీమాను కూడా 14 రోజుల్లో మీ పేరుకు మార్చమని కంపెనీకి రాయాలి. పాత యజమాని బోనస్ మీకు రాదు, ఆ తేడా మీరు కట్టవలసి ఉంటుంది. పాత ఫాస్టాగ్‌ను ఆయనతోనే మూయించి, మీ పేరున కొత్తది తీసుకోండి. చివరగా కారు అప్పగింత చీటీ రాయించండి: తేదీతోపాటు గంట, నిమిషం, అప్పటి మీటరు రీడింగు, ఇద్దరి సంతకాలు, ఒక సాక్షి. ఆ నిమిషానికి ముందు కారు వల్ల జరిగినదేదైనా ఆయన బాధ్యత, తర్వాత జరిగేది మీ బాధ్యత అని ఒక వాక్యం అందులో ఉండాలి. చీటీ రెండు ప్రతులు తీసి, ఒకటి ఆయనకిచ్చి, ఒకటి ఆర్‌సీతో కలిపి ఇంట్లో భద్రపరచండి. కారులో మాత్రం పెట్టకండి.